పాత ఫైబర్ బోటు: పగుళ్లు పైపూతవేనా, లోపలికి దిగాయా?

అన్నలూ, మాది విశాఖ పెదజాలారిపేట. పద్నాలుగేళ్ల నాటి ఫైబర్ బోటు ఒకటి తక్కువకి వస్తోంది. కొందామా వద్దా అని ఇంట్లో రోజూ గొడవే. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఆలోపు తేల్చుకోవాలి.

నిన్న ఒడ్డున బోర్లించి చూశాం. సాలెగూడులాంటి సన్న పగుళ్లు అక్కడక్కడా ఉన్నాయి, వాటి గురించి నాకంత దిగుల్లేదు. కానీ అడుగున ఒక పగులు లోపలి అడ్డబద్ద వెంటే గీత గీసినట్టు పోయింది. బద్ద అతుకు వదిలేసిందంటారా? చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతే చాలాచోట్ల టంగుమంది, ఇంజను బిగించే వెనక పలక దగ్గర మాత్రం డబ్ డబ్ మని బోలు మోత. ఆ పలక లోపల ప్లైవుడ్. పాత బోల్టు ఒకటి తీస్తే బెజ్జంలోంచి నల్లనీళ్లు కారాయి. చెక్క కుళ్ళిందనే నా అనుమానం. అడుగున బొబ్బలూ ఉన్నాయి, ఒకటి పొడిస్తే పులుపు వాసనొచ్చింది.

అమ్మేవాడేమో "పైన రంగేస్తే కొత్తదే తమ్ముడూ" అంటున్నాడు. రంగు చాటున ఏముందో సముద్రానికి తెలీదా!

పలక కోసి కొత్త చెక్క వేసి, మళ్లీ మ్యాట్ (గాజునార గుడ్డ), రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) పరిస్తే పాత ఫైబర్‌కి గట్టిగా పట్టుకుంటుందా? బొబ్బలు గీకాక ఎన్నాళ్లు ఆరబెట్టాలి, మన ఉక్కలో అసలు ఆరుతుందా? చేయించినవాళ్లు ఖర్చు ఎంతయిందో కూడా చెప్పండి.