‘ల్యాండింగ్ నెట్’కి మన మాట ఏది? చిక్కమా, తోడు వలా?

విజయనగరం (పోస్టు పెట్టినవాడిని):
అందరికీ నమస్కారం. ఓ చిన్న మాట కోసం వారం రోజులుగా కొట్టుకుంటున్నాను. మా బావమరిదికి కులూలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, తీర్థన్ ఏటికి పోయి ట్రౌట్ చేపలకి ‘ఫ్లై’ గాలం వేస్తాడు. కొక్కేనికి ఈకా, దారమూ చుట్టి ఈగలా కనబడేట్టు చేస్తారు. ఆ ఎరకి బరువేమీ ఉండదు, లావుపాటి తాడు బరువుకే అది ముందుకు పోతుంది. చేప పడ్డాక చేతికి తెచ్చుకోవడానికి పిడి ఉన్న చిన్న వల ఒకటి కొనాలట. ఎలాంటిది కొంటే మంచిదో నాలుగు పేజీలు నాకు పంపి, ‘నాన్నకి తెలుగులో చెప్పు బావా’ అన్నాడు. మావయ్య నాగావళిలో నలభయ్యేళ్లు విసురు వల వేసిన మనిషి. ల్యాండింగ్ నెట్ అనగానే ‘ఇమానం దిగుద్దేటి అందులోకి?’ అన్నారు. ఫోన్‌లో అనువాదం నొక్కితే ‘దిగే వల’ అని వచ్చింది. మావయ్య వేళాకోళమే నయం.

బొబ్బిలి అక్క:
‘గట్టెక్కించే వల’ అంటే?

రాజాం మాస్టారు:
మాట సొగసుగానే ఉందమ్మా, చేపనడిగితే ఒప్పుకోదు. మనిషి గట్టెక్కాడంటే బతికాడని, చేప గట్టెక్కిందంటే పులుసులోకి వెళ్లిందని. అదీగాక ఈ అబ్బాయిది పట్టి వదిలేసే వేట లాగుంది. అలాగైతే చేప గట్టు మొహమే చూడదు. వలని నీళ్లలోనే ఉంచి, అందులోనే కొక్కెం తీసి పంపేస్తారు.
నా ఓటు ‘చిక్కం’. నూర్పుళ్లప్పుడు ధాన్యానికి మూతి పెట్టకుండా ఎద్దులకి కట్టేది చిక్కం. తాడుతో అల్లిన సంచీ కూడా చిక్కమే. ఒక కడియానికి వేలాడే అల్లిక సంచికి ఇంతకన్నా మంచి మాట ఏముంటుంది? కొత్తగా పుట్టించక్కర్లేదు, అటక మీంచి దించుకుంటే చాలు.

కళింగపట్నం తమ్ముడు:
మాస్టారూ, కోప్పడకండి. చిక్కం అంటేనే చిక్కుకుంటాది. సేప చిక్కితే మంచిదే, గేలం చిక్కితే ఏటి సేస్తాం? మొన్న వంశధార మొగలో పండుగప్ప పడింది, మావోడు పాత నైలాను వల పెట్టాడు. సేప కంటే ముందు కొక్కెం ఎల్లి వలకి పట్టీసింది. ఇప్పదీసినంతసేపు సేప వలలో తన్నుకుంటానే ఉంది.

విజయనగరం:
తమ్ముడు చెప్పిందే ఆ నాలుగు పేజీల సారం. ముడులు వేసి అల్లిన నైలాను వలతో రెండు తంటాలు. కొక్కెం ముల్లు దారంలో దిగబడి రాదు. రెండోది ఇంకా చెడ్డది: ముడులు గరుకుగా రాసుకుని చేప ఒంటి మీద జిగురు ఊడిపోతుంది, రెక్కలు చీలిపోతాయి. ఆ జిగురే దానికి తొలి కవచం, అది పోయిన చోట బూజు పడుతుంది, పుండు లేస్తుంది. మనం వదిలేశామని చంకలు గుద్దుకుంటాం, అది నాలుగు రోజులకి చస్తుంది. అందుకని రబ్బరుతో పోసిన వల కొనమంటారు. దానికి ముడి ఉండదు, కొక్కెం ఇట్టే వచ్చేస్తుంది. బరువు కాస్త ఎక్కువ, నీళ్లలో తిప్పడం కాస్త నిదానం. ఆపాటి ఇబ్బంది ఓర్చుకోవచ్చు. రబ్బరు మరీ బరువనుకుంటే ముడి లేకుండా నేసిన సన్నటి వలలూ ఉన్నాయట.

బొబ్బిలి అక్క:
జిగురంటే గుర్తొచ్చింది. వాలుగ తెస్తే మా అమ్మ బూడిదా కల్లుప్పూ వేసి రాయి మీద పామిపామి పోగొట్టేది అదే కదూ. అది చేపకి కవచమని ఇన్నాళ్లూ తెలీదు. మేం దాన్ని నీచు అనేవాళ్లం.

రాజాం మాస్టారు:
తమ్ముడి అభ్యంతరం న్యాయమైనది. ‘చిక్కు’ అనే ధాతువులోనే దొరకడమూ ఉంది, పీటముడి పడటమూ ఉంది. తల చిక్కు పడుతుంది, దొంగ చిక్కుతాడు. రబ్బరు వలకి మొదటి అర్థమే కావాలి, రెండోది వద్దు. అయినా ధాతువుని సగానికి కోసి వాడుకోలేం కదా.

కళింగపట్నం తమ్ముడు:
నాను సెప్తాను ఇనండి. ఇసిరితే ఇసురు వల. మరి దీంతో ఏటి సేస్తారు? నీళ్లు తోడినట్టు సేపని తోడతారు. తోడు వల.

రాజాం మాస్టారు:
భేష్. పనినిబట్టి పేరు, మనవాళ్ల పద్ధతే అది. ‘ఎత్తు వల’ అందామని నేనూ అనుకున్నాను గానీ, అది నీళ్లలోకి దింపి పైకి లేపే పెద్ద వల అనుకునే ప్రమాదముంది.

విజయనగరం:
తమ్ముడూ, నీ మాట రెండు విధాల కుదిరింది. ఏట్లో మొలలోతున దిగి వేటాడేవాళ్లు ఈ వలని వీపున, చొక్కా మెడ కింద, అయస్కాంతంతో తగిలించుకుంటారట. చెయ్యి వెనక్కి పెట్టి లాగితే ఊడొస్తుంది. అలా వెంట తిరిగేది తోడే కదా. అలాంటి వాళ్లకి జానెడు పిడి చాలు, పడవలోంచో ఎత్తు గట్టు మీంచో అయితే మీటరు పైన కావాలి.
ఒక్కటే తేడా. మనం బిందె ముంచినట్టు చేప వెనకాల పడి తోడకూడదు. తోకవైపు నుంచి వల వస్తే అది ఒక్క ఉదుటున పోతుంది, దారం తెగుతుంది. వలని ముందే నీట ముంచి కదలకుండా పట్టుకుని, చేప తలని దాని మీదికి నడిపించుకొచ్చి, అప్పుడు లేపాలి.
కాబట్టి నేను ఇలా రాసుకున్నాను: మొత్తం పరికరం తోడు వల, గుండ్రటి చట్రం కడియం, పట్టుకునేది పిడి, వేలాడే సంచి చిక్కం. మాస్టారి మాట పోలేదు, చోటు మారిందంతే.

బొబ్బిలి అక్క:
మావయ్యగారు ఏమన్నారు మరి?

విజయనగరం:
నిన్న రాత్రి భోజనాల దగ్గర అంతా చదివి వినిపించాను. తోడు వల అన్నప్పుడు తలూపారు. జిగురు సంగతికి ‘అది నిజిమే’ అన్నారు. పట్టింది వదిలేస్తారు అనేసరికి ముద్ద ఆపి, ‘ఒగ్గీడానికి అంత డబ్బెట్టి వలెందుకురా?’ అన్నారు. నేను నీళ్లు నమిలాను. చెయ్యి కడుక్కుని వచ్చాక ఆయనే మళ్లీ అడిగారు, ‘కన్నెంత? ఎన్ని వేళ్లు దూరతాయి?’ అని.
నాలుగు పేజీలూ తిరగేశాను. పిడి కొలత ఉంది, కడియం కొలత ఉంది, సంచి లోతు కూడా ఉంది. వల కన్ను కొలత మాత్రం ఎక్కడా లేదు. పొద్దున్నే కులూకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏట్లో ఉన్నట్టున్నాడు.