టెట్ దాడి, 1968: ఓడి గెలిచారా, నిజంగానే ఓడారా?

పాతపటాలు

మొన్న ఇక్కడే ఇంకో చర్చలో ఒకరు ఒక్క ముక్కలో తేల్చేశారు: "టెట్ దాడిలో వియత్నాం కమ్యూనిస్టులు యుద్ధం ఓడారు, రాజకీయం గెలిచారు." ఈ వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నా మనసు ఒప్పదు. అందుకే విడిగా ఈ చర్చ పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టెట్ అంటే వియత్నాం వాళ్ల సంవత్సరాది. మన ఉగాదిలాగే చంద్రుడి లెక్కతో వచ్చే పండగ, కాకపోతే జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. యుద్ధం నడుస్తున్నా ఆ నాలుగు రోజులూ కాల్పులు ఆపడం అక్కడ రివాజు. 1968లో సరిగ్గా ఆ విరామంలోనే, జనవరి ఆఖరి రెండు రాత్రుల్లో, సుమారు 80,000 మంది నూరుకు పైగా ఊళ్ల మీద విరుచుకుపడ్డారు. వాళ్లలో ఉత్తర వియత్నాం సైనికులున్నారు, వాళ్లతో కలిసి పోరాడే దక్షిణాది కమ్యూనిస్టు కూటమి ఎన్‌ఎల్‌ఎఫ్ గెరిల్లాలున్నారు. అమెరికా సైన్యం అండగా ఉన్న దక్షిణ వియత్నాంలో 44 ప్రాంతీయ రాజధానులుంటే 36 చోట్ల దాడి జరిగింది. దక్షిణాది రాజధాని సైగాన్‌లో 19 మంది అమెరికా ఎంబసీ ప్రహరీకి కన్నం పెట్టి లోపలికి దూరారు.

ఇక నా వాదన. ఈ దాడి వెనుక ఉన్నది ఉత్తరాది రాజధాని హనోయ్‌లో పార్టీ అధినేత లె జువాన్ పట్టుదల. అన్ని చోట్లా ఒకేసారి దాడి చేస్తే నగరాల్లో జనం తిరగబడతారు, సైగాన్ సైన్యం చీలిపోతుంది, ప్రభుత్వం కూలుతుంది అన్నది ఆయన లెక్క. జనం తిరగబడలేదు. సైన్యం చీలలేదు. సైగాన్ రేడియో కేంద్రాన్ని పట్టుకున్న దళం జనానికి వినిపించాల్సిన టేపు వెంట తెచ్చుకుంది. అప్పటికే ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే లైన్ కోసేశారు. ఆ టేపు ఎవరికీ వినిపించలేదు. వాళ్ల కొలమానంతోనే కొలిస్తే ఇది ఓటమి. రెండు నెలలకు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఎన్నికల పోటీ నుంచి తప్పుకోవడం ఎవరి పథకంలోనూ లేదు. అనుకోకుండా దక్కినదాన్ని వ్యూహం అని ఎలా అంటాం?

ఎర్రమందారం

పాతపటాలు గారూ, మీరు పథకంలో సగమే చూస్తున్నారు. 1967 డిసెంబరు చివర్లో ఉత్తర వియత్నాం విదేశాంగ మంత్రి ఒక ప్రకటన చేశారు. అంతకుముందు "బాంబుదాడులు ఆపితే చర్చలు జరగవచ్చు" అనేవాళ్లు, ఈసారి "జరుగుతాయి" అన్నారు. ఒక్క క్రియ మారింది. దాడికి నెల ముందు ఆ మాట మార్చారంటే, గట్టి దెబ్బ కొట్టి అమెరికాను చర్చల బల్ల దగ్గరికి రప్పించాలన్న ఆలోచన వాళ్లకు ఉన్నట్టే కదా! కొడుతూనే మాట్లాడాలి, మాట్లాడుతూనే కొట్టాలి అన్నది వాళ్ల పాత సూత్రం. మే 13న పారిస్‌లో చర్చలు మొదలయ్యాయి కూడా.

పండగపూట దాడి ఏమిటని కొందరు నీతి చెబుతారు. 1789లో క్వాంగ్ చుంగ్ చక్రవర్తి చైనా సైన్యాన్ని హనోయ్ నుంచి తరిమింది టెట్ రోజుల్లోనే. ఆ కథ అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియంది అమెరికా సేనాపతులకే. 1967 నవంబరులో వియత్నాంలో అమెరికా దళాల అధిపతి వెస్ట్‌మోర్లాండ్ వాషింగ్టన్ వెళ్లి, యుద్ధం ముగింపు కనుచూపు మేరలోకి వస్తోందని చెప్పి వచ్చారు. మూడు నెలలు తిరగకుండా ఆయన ఎంబసీ ఆవరణలోనే శవాల మధ్య నిలబడి విలేకరులకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఓటమి ఎవరిది?

మాజీసుబేదార్

నేను రాజకీయం జోలికి పోను, ఫౌజు లెక్కే చెబుతాను. నూరు చోట్ల ఒకేసారి కొట్టడం వినడానికి బాగుంటుంది. అలా చెయ్యాలంటే ఏ చోటా వెనక రిజర్వు మిగలదు. సైగాన్‌లో దిగిన సాపర్ దళాలు, అంటే పేలుడు పదార్థాలతో చొరబడే దళాలు, తమకు అప్పగించిన చోట్లు పట్టుకుని వెనకాలే వచ్చే పెద్ద బలగం కోసం చూడాలి. ఆ బలగం చాలా చోట్ల రానేలేదు. తిరిగి వచ్చే దారి వాళ్లకు ముందే లేదు. నేను జవాన్లను పంపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, వెనక్కి వచ్చే దారి ఆలోచించకుండా మనుషుల్ని పంపడం నా లెక్కలో నేరం.

ఇంకో సంగతి మన పంచాంగం గొడవలు ఎరిగినవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఉత్తర వియత్నాం 1967లో పంచాంగం సవరించుకుంది. హనోయ్ కాలమానంలో ఆ అమావాస్య ఘడియ జనవరి 29న అర్ధరాత్రికి అరగంట ముందు పడింది. దక్షిణాది వదలని పాత పద్ధతిలో, బీజింగ్ కాలమానం లెక్కవేస్తే, అర్ధరాత్రి దాటి 30న పడింది. అందువల్ల ఉత్తరాదికి 29న పండగ, దక్షిణాదికి 30న! ఏ రోజు కొట్టాలన్న దాంట్లో తికమక దీనివల్లేనని చరిత్రకారులు ఎక్కువమంది చెబుతారు. దా నాంగ్, న్యా ట్రాంగ్, ప్లేకు లాంటి చోట్ల దళాలు ఒక రోజు ముందే కొట్టేశాయి. దాంతో మిగతాచోట్ల కాల్పుల విరమణ రద్దయింది, అమెరికా దళాలు అప్రమత్తమయ్యాయి. దాడి చేసినవాళ్ల అదృష్టం ఏమిటంటే సైగాన్ సైన్యంలో సగం మంది అప్పటికే పండగ సెలవు మీద ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ మిగిలిన సగం మాత్రం నిలబడి పోరాడింది. దక్షిణ వియత్నాం సైనికుడి గురించి ఎవరూ మంచి మాట చెప్పరు. ఇక్కడ చెప్పాలి.

ఓటమి అన్నది నా ఒక్కడి మాట కాదు. సైగాన్ మీద దాడికి నాయకత్వం వహించిన వాళ్లలో ఒకరైన జనరల్ ట్రాన్ వాన్ ట్రా స్వయంగా 1982లో రాశారు: బలాబలాలు సరిగ్గా అంచనా వెయ్యలేదని, మా శక్తికి మించిన లక్ష్యాలు పెట్టుకున్నామని.

గోదావరిగట్టు

ఇంత లోతు అక్కర్లేదేమో. అమెరికాను ఓడించింది టీవీ. సైగాన్ పోలీసు అధికారి బందీ కణతకు తుపాకీ పెట్టి కాల్చిన ఫొటో ఫిబ్రవరి 1న తీశారు, మర్నాటికి ప్రపంచమంతా చూసింది. ఆ నెలాఖరున అమెరికాలో పేరున్న వార్తల ప్రయోక్త వాల్టర్ క్రాంకైట్ టీవీలో యుద్ధం ప్రతిష్టంభనలో పడిందన్నారు. జనం తిరగబడ్డారు, జాన్సన్ దిగిపోయారు. మైదానంలో గెలిచిన సైన్యాన్ని ఇంట్లో ఓడించారు.

పాతపటాలు

అన్నా, ఈ కథే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. తేదీలు చూడండి. యుద్ధంలోకి దిగడం పొరపాటు అనేవాళ్లు కాదనేవాళ్లను గాలప్ ప్రజాభిప్రాయ సర్వేలో మొదటిసారి దాటింది 1967 అక్టోబరులో: 47 శాతం, 44 శాతం. టెట్‌కు మూడు నెలల ముందు! దాడి జరిగిన వెంటనే జనం మెత్తబడలేదు, ఇంకా గట్టిగా కొట్టాలన్నవాళ్లే పెరిగారు. క్రాంకైట్ మాట్లాడిన రాత్రి జాన్సన్ టీవీ ముందు లేరు, టెక్సాస్‌లో ఒక పుట్టినరోజు విందులో ఉన్నారు.

విరిగింది వాషింగ్టన్ పెద్దల నమ్మకం. ఎలా విరిగిందో దగ్గర్నుంచి చూద్దాం. "మేం గెలిచాం" అంటూనే సేనాపతులు ఇంకా 2,06,000 మంది కావాలని అడిగారు. అప్పటికే అక్కడ అయిదు లక్షల మంది ఉన్నారు. మార్చి 1న మెక్‌నమారా స్థానంలో రక్షణ మంత్రిగా వచ్చిన క్లార్క్ క్లిఫర్డ్ అప్పటిదాకా యుద్ధాన్ని సమర్థించినవాడే. లాయరు కాబట్టి లాయరులాగే ప్రశ్నలు వేశాడు. ఈ రెండు లక్షలు సరిపోతాయా? తెలియదు. సరిపోకపోతే ఇంకెంతమంది? తెలియదు. బాంబులతో ఆగుతుందా? ఆగదు. గెలవడానికి మీ పథకం ఏమిటి? వాళ్ల మీద ఒత్తిడి పెడుతూ పోతే ఎప్పటికో అలసిపోతారని. అంతే. పథకం లేదు.

మార్చి 10న ఆ 2,06,000 సంఖ్య పత్రికకెక్కింది. 12న న్యూ హాంప్‌షైర్‌లో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఎన్నికలో, జాన్సన్ సొంత పార్టీలోనే యుద్ధాన్ని వ్యతిరేకించే యూజీన్ మెకార్తీ 42 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. 15న డాలర్ మీద ఒత్తిడితో లండన్ బంగారం మార్కెట్ మూసేశారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఖజానా సంగతి కూడా ఆ నిర్ణయంలో ఉంది. నవంబరులో "కొనసాగించండి" అన్న సలహాదారు పెద్దల్లో ఎక్కువమంది మార్చి 26న "ఇక చాలు" అన్నారు. 31న జాన్సన్ ఉత్తరాన బాంబుదాడులు చాలావరకు ఆపి, తాను మళ్లీ పోటీ చెయ్యనని ప్రకటించారు.

అంటే టీవీ లేకపోయినా క్లిఫర్డ్ ప్రశ్నలకు జవాబులు అవే.

సరళ_శాన్‌హోసే

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పక్కింటి పెద్దావిడది వియత్నాంలోని హ్యూ నగరం. ఇక్కడ శాన్ హోసేలో వియత్నాం వాళ్లు చాలామంది. ప్రతి టెట్‌కూ ఆవిడ అరటాకులో చుట్టి ఉడికించిన బియ్యపు కట్ట ఒకటి మాకు ఇస్తారు. జిగురు బియ్యం మధ్యలో పెసరపప్పు. మేం మాంసం తినమని నాకోసం విడిగా కడతారు. దారంతో ముక్కలు కోయడం ఆవిడే నేర్పారు. కత్తి పెడితే అంటుకుంటుంది, దారం చుట్టి లాగితే చక్రంలా తెగుతుంది.

ఆవిడ ఇంట్లో టెట్ ఏడో రోజున ఒక పళ్లెం విడిగా పెడతారు. తండ్రికి. 1968లో హ్యూను కమ్యూనిస్టు దళాలు మూడు వారాలకు పైగా పట్టుకున్నప్పుడు ఇంటి నుంచి తీసుకెళ్లారట. రెండు ప్రశ్నలు అడిగి పంపేస్తాం అన్నారట. ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి వెళ్లారట, వెంటనే వస్తాను కదా అని. అప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్లు.

తర్వాత ఆ నగరం చుట్టుపక్కల గుంటల్లో సుమారు 2,800 శవాలు బయటపడ్డాయని చదివాను. చేతులు వెనక్కి కట్టినవి కూడా ఉన్నాయట. ఆ సంఖ్య మీద వాదాలు ఉన్నాయి, నాకు తెలుసు. చంపారన్న దాంట్లో వాదం లేదు.

మీరంతా ఎవరు గెలిచారని మాట్లాడుతుంటే నాకు ఆ చెప్పులే గుర్తొస్తున్నాయి. హ్యూ గురించి మొదటి పోస్టు నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ రాయలేదు.

ఎర్రమందారం

సరళగారూ, మీరు అన్నది నిజం. నేను రాయలేదు. రాయాల్సింది. మా ఇంట్లో వియత్నాం అంటే విజయగాథలా విన్నాను చిన్నప్పుడు, అందులో హ్యూ గుంటలు లేవు. వాటిని నేను సమర్థించను.

ఒక్కటి మాత్రం కలపనివ్వండి. హ్యూను తిరిగి పట్టుకోవడానికి వీధివీధినా ఫిరంగులు, బాంబులు వాడారు. 1,40,000 జనాభాలో 1,16,000 మంది నీడ లేనివాళ్లయ్యారు. మార్చి 16న, అంటే మెకార్తీ ఓట్ల గురించి పత్రికలు రాస్తున్న ఆ వారంలోనే, దక్షిణ వియత్నాంలోని మై లాయ్ అనే పల్లెలో అమెరికా సైనికులు ఊరి జనాన్ని చంపారు. వియత్నాం లెక్క ప్రకారం 504 మంది. మీ పక్కింటావిడ తండ్రి పళ్లెం పక్కన వాళ్ల పళ్లేలూ ఉన్నాయి. మాట పక్కకి తిప్పడానికి ఇది చెప్పడం లేదు.

సరళ_శాన్‌హోసే

తిప్పారని నేనూ అనుకోలేదండీ. ఆవిడ కూడా అదే అంటారు, మా ఊళ్లో ఇళ్లు కూల్చింది ఒకరు, మనుషుల్ని తీసుకెళ్లింది ఇంకొకరు అని.

మాజీసుబేదార్

నేనూ హ్యూ వదిలేశాను, క్షమించమ్మా. ఫౌజు లెక్క చెబుతానని మనుషుల లెక్క మరిచిపోయాను.

ఒక విషయం చెప్పి ఆగుతాను. ఫిబ్రవరిలోనే ఓడామని తెలిశాక హనోయ్ ఆగలేదు. మేలో మళ్లీ కొట్టించింది, ఆగస్టులో మళ్లీ. మొదటిసారి ఆకస్మికం అయినా ఉంది. తర్వాత అదీ లేదు. దక్షిణాదిలో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి కట్టుకున్న కార్యకర్తల యంత్రాంగం ఆ మూడు దఫాల్లో చితికిపోయింది. 1969 తర్వాత అక్కడ పోరాటభారం అంతకంతకూ ఉత్తరాది నుంచి వచ్చిన సైనికుల మీదే పడింది. 1975లో సైగాన్‌లోకి ట్యాంకులతో వచ్చింది ఉత్తరాది సైన్యమే కదా, వీధుల్లోంచి జనం లేచి రాలేదు.

గోదావరిగట్టు

పాతపటాలు గారూ, క్లిఫర్డ్ సంగతి నాకు తెలియదు. టీవీ ఒక్కటే అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా ఒక సందేహం. సేనాపతులు 2,06,000 అడగాల్సి వచ్చిందే ఈ దాడి వల్ల కదా? అప్పుడు ఎర్రమందారం గారి మాటే నిలుస్తుంది.

పాతపటాలు

మంచి ప్రశ్న, ఇక్కడ నేను కొంచెం దిగాలి. దాడి లేకపోతే ఆ ప్రశ్నలు 1968 మార్చిలో పుట్టేవి కావు, ఒప్పుకుంటున్నాను. "జరగవచ్చు" నుంచి "జరుగుతాయి"కి మారిన ఆ మాట కూడా నా మొదటి పోస్టులో లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి "అనుకోకుండా దక్కింది" అన్నది ఎక్కువైంది.

కానీ "ఓడి గెలిచారు" అనేటప్పుడు గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకరే అన్నట్టు వినిపిస్తుంది. నా అభ్యంతరం అక్కడ. మేలో పారిస్‌లో బల్ల ముందు కూర్చున్నది హనోయ్ దౌత్యవేత్తలు. అదే మేలో సైగాన్ వీధుల్లో మళ్లీ చావడానికి వెళ్లింది వేరేవాళ్లు. ఆ తర్వాత కూడా యుద్ధం ఏడేళ్లు సాగింది. అమెరికా మొత్తం మృతులు 58,000 దాటారు, అందులో 16,000కు పైగా ఆ ఒక్క 1968లోనే. చర్చలు మొదలైతే చావులు ఆగుతాయని ఎవరైనా అనుకుంటే, అదీ జరగలేదు.

సరళగారూ, ఒకటి అడగాలని ఉంది, చెప్పడం ఇష్టం లేకపోతే వదిలెయ్యండి. టెట్ ఏడో రోజునే పళ్లెం పెడతారన్నారు. ఆయన పోయింది ఆ రోజేనని వాళ్లకు ఎలా తెలిసింది?

సరళ_శాన్‌హోసే

తెలియదండీ. మరుసటి ఏడాది ఒక వాగులో చాలామంది ఎముకలు దొరికితే అందరితో పాటు కలిపి పూడ్చారట, ఆయనవి ఏవో కూడా తెలియదు. తీసుకెళ్లిన రోజు ఏడో రోజు. అందుకని ఆ రోజే పెడతారు.