అప్‌డేట్: మా బోరు నీళ్ల ఫ్లోరైడ్ రిపోర్ట్ వచ్చింది

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందేమో, టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చూపించేది) తెలుస్తుందా అని పోయిన నెల అడిగాను కదా. మీటర్‌తో అది తెలియదని చెప్పినవాళ్లదే కరెక్ట్. మీటర్‌లో 480 చూపిస్తే, 500 లోపే ఉంది కదా అని నాన్న ధీమాగా ఉన్నారు, తీరా ల్యాబ్‌లో చూపిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2.3 మిల్లీగ్రాములు వచ్చింది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ప్రకారం 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ 38, దాని హద్దు 45 కాబట్టి అక్కడ గట్టెక్కాం.

అమ్మ రోజూ నీళ్లు మరిగించే ఇస్తోంది పాపం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి గురించి ఒకరు రాశారు, మా జిల్లా పేరుతోనే ఉన్నా నాకు తెలియదు, సిగ్గేసింది! కానీ మోతాదు తేడా వస్తే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుందట, ఇంట్లో ఆ ప్రయోగం వద్దనుకున్నాం. ప్రస్తుతానికి తాగడానికీ వంటకీ మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లే, బోరు స్నానాలకీ గిన్నెలకీ. నల్లా నీళ్ల శాంపిల్ కూడా సోమవారం ఇచ్చొచ్చాను.