పోర్ట్‌ఫోలియో అంటే సర్టిఫికెట్ల కట్టేనా? తొమ్మిదో తరగతి నుంచి ఏమేమి దాచాలి?

ప్రశ్న: పరకాల నుంచి, ఒక తల్లి
నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. కాలేజీ ప్రవేశాల్లో చూపడానికి, ఇంటర్ పూర్తయ్యేదాకా నాలుగేళ్ల పోర్ట్‌ఫోలియో (పిల్ల చేసిన పనుల ఫైలు) తామే తయారుచేసి పెడతామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు పెద్ద మొత్తమే అడుగుతున్నారు. మాది పత్తి వ్యవసాయం. ఇంట్లో ఉన్నవి రెండు వ్యాసరచన సర్టిఫికెట్లు, ఒక ఖోఖో పతకం. అమ్మాయి మాత్రం వాళ్ల నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా ఆ రోజు ధరలు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇలాంటివి లెక్కలోకి వస్తాయా?

జవాబు: కాజీపేట నుంచి
ఆన్‌లైన్ కోర్సులు, క్విజ్‌లు, ఏది దొరికితే అది చేయించండి మేడమ్. ఏ సర్టిఫికెట్‌నూ వదలకండి. ఫైలు ఎంత లావుంటే అంత మంచిది.

జవాబు: జనగామ నుంచి, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు
పై మాటతో నాకు పేచీ ఉంది. లావు ఫైలును ఓపికగా తిరగేసేవాళ్లు ఎవరూ ఉండరు.

ముందు అసలు ఎవరు అడుగుతారో చూడండి అమ్మా. ఎప్‌సెట్, జేఈఈ సీట్లకు ర్యాంకే ప్రధానం. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి ఫలితమే ఆధారం. అమ్మాయి దారి అదే అయితే కన్సల్టెన్సీకి పైసా కట్టనక్కర్లేదు. ఎన్‌సీసీ, క్రీడల కోటా ఉన్నచోట మాత్రం ఆ సర్టిఫికెట్లు పనికొస్తాయి. ఖోఖోలో ఇంకా పై స్థాయికి ఆడితే ఆ కాగితాలన్నీ భద్రంగా ఉంచండి. ఇంటర్వ్యూ పెట్టే విశ్వవిద్యాలయాలు, విదేశీ కళాశాలలు చదువుతోపాటు చేసిన పనినీ చూస్తాయి. అమెరికా కళాశాలలు చాలావాటికి వాడే కామన్ యాప్ దరఖాస్తులో కార్యకలాపాలకు ఉన్నవే పది గడులు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. అందులో లావు ఫైలు ఎక్కడ పడుతుంది?

మీ ఇంట్లో అసలు సరుకు ఆ నోటుపుస్తకమే. దాన్ని కాస్త పెంచండి. తేదీ, రకం, ధర రాసి, పక్కనే తక్‌పట్టీ (మార్కెట్‌లో సరుకు అమ్మాక ఇచ్చే చీటీ) అంటించమనండి. తర్వాత ఒక ప్రశ్న పట్టుకోవాలి. ఉదాహరణకు తేమ. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన ఒక్కో శాతం తేమకు ధరలో ఒక్కో శాతం కోస్తుంది, 12 దాటితే కొనదు. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. అంటే 12 శాతం తేమ దగ్గర దాదాపు 324 రూపాయలు పోయినట్టే. మంచు ఆరకముందు ఏరిన పత్తి ఒక కిలో, మధ్యాహ్నం ఏరినది ఒక కిలో తూచి, రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ తూచమనండి. ఎంత బరువు తగ్గిందో, అది నాన్న జేబులో ఎన్ని రూపాయలో లెక్క కట్టాలి. ఫొటో తీస్తే తక్కెడ అంకె కనబడాలి, అమ్మాయి నవ్వు కాదు. తప్పిన లెక్కను చింపకుండా అడ్డగీత కొట్టి, తప్పు ఎందుకు వచ్చిందో పక్కన రాయాలి. చూసేవాళ్లకు ఆ పేజీయే ఎక్కువ నచ్చుతుంది.

బడిలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఎఫ్‌ఏ పరీక్షలకు) ఎలాగూ ప్రాజెక్టు పనులు చేస్తారు. ఆ పుస్తకాలు వేసవి రాగానే పాత కాగితాలవాడి తక్కెడకు ఎక్కుతాయి. వాటిలో మంచివి రెండు పక్కన పెట్టండి. బడిపిల్లల సైన్సు ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు బడి తరఫున ఐదు ఆలోచనల దాకా పంపవచ్చు, ఎంపికైతే 10,000 రూపాయలు ఇస్తారు. సైన్సు మాస్టారిని ఇప్పుడే అడగండి, గడువు దగ్గరికొచ్చాక కాదు.

ప్రశ్న అడిగిన తల్లి
చాలా సంతోషం సార్. తక్‌పట్టీలు వాళ్ల నాన్న జేబులోనే నలిగిపోతాయి, ఇక దాస్తాను. కానీ పదో తరగతిలో, తర్వాత ఇంటర్‌లో దీనికి తీరిక ఎక్కడిది? దరఖాస్తులో పెట్టే వ్యాసాలు కూడా తామే రాసిస్తామని ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఆశ పెడుతున్నారు.

జవాబు: మంచిర్యాల నుంచి, జూనియర్ కళాశాల అధ్యాపకురాలు
రాయించుకోవద్దమ్మా. ఇంటర్వ్యూలో “ఈ వారం ధర ఎందుకు పడిపోయింది?” అని ఒక్క ప్రశ్న వేస్తే, సొంతంగా చేసిన పిల్ల అరగంట చెబుతుంది, రాయించుకున్న పిల్ల నేల చూపులు చూస్తుంది. తీరిక సంగతికొస్తే, పదో తరగతిలో నెలకు ఒక ఆదివారం గంటసేపు చాలు. పత్తి ఏరే రోజులు దసరా చుట్టుపక్కల మొదలవుతాయి కాబట్టి పరీక్షలకు అడ్డురావు. ఇంటర్‌లో కొత్త పని మొదలుపెట్టకుండా ఉన్నదాన్నే పూర్తిచేస్తే సరి.

ఇంకో మాట. పని చూసిన మాస్టారితో ఆ నెలలోనే నాలుగు వాక్యాలు రాయించి, తేదీతో సంతకం తీసుకోండి. బదిలీ అయ్యాక వెతుక్కోవడం కష్టం. ప్రతి పేజీ ఫోనుతో స్కాన్ చేసి, సంవత్సరం ముందు వచ్చేలా పేరు పెట్టి, ఒక ప్రతి ఈమెయిల్‌లో కూడా ఉంచండి. ఎవరికైనా చూపేముందు తక్‌పట్టీ మీద నాన్న పేరు, ఫోను నంబరు కనబడకుండా చేయండి.

జనగామ ఉపాధ్యాయుడు
తక్కెడ గురించి చెప్పడం మరిచాను. పత్తి తూచే పెద్ద కాంటా గ్రాములు చూపదు. కిరాణా కొట్టువాళ్ల ఎలక్ట్రానిక్ కాంటా అడిగి వాడుకోండి, రెండుసార్లూ అదే కాంటా కావాలి.