అప్‌డేట్: బ్యాంకు ఉద్యోగం మానేసి తోలుబొమ్మల పని నేర్చుకోవాలా అని అడిగాను కదా

46 ఏళ్ల వయసులో, అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం విసుగొచ్చి అడిగిన ప్రశ్న అది. "వద్దు, అన్నా" అన్నవాళ్లే ఎక్కువ. ఉద్యోగం మానలేదు. సెలవుల్లో ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటకు పోయి పని నేర్చుకుంటున్నాను.

మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడితే వెలుతురు దూరేంత పల్చగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రంగులేయాలి. దీపం పెడితే బొమ్మ నగలు మెరిసేది ఆ రంధ్రాల వల్లే. నాకింకా రంధ్రాలు కొట్టడం దగ్గరే చెయ్యి వణుకుతోంది.

అక్కడ ఇప్పుడు లాంప్‌షేడ్లు కూడా చేసి అమ్ముతున్నారు. అయినా నా చేతిపనితో మా ఇల్లు గడవదు. పాప ఇంజనీరింగ్ అయ్యేదాకా జీతం కావాల్సిందే. విసుగు మాత్రం తగ్గింది. మా ఆవిడకు తోలు వాసన పడదు, సామానంతా మిద్దె మీదే పెట్టుకోమంది.