వంక పక్కన స్థలం: వరద ముప్పును ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (పడమటివీధి):

అనంతపురం జిల్లాలోని మా చిన్న పట్టణంలో, చెరువు మరువ (నిండితే నీరు పొర్లే అలుగు) నుంచి దిగే వంకకు సుమారు 40 అడుగుల దూరంలో ఐదు సెంట్ల స్థలం అమ్మకానికి వచ్చింది. లేఅవుటుకు అనుమతి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు వంక ఎండిపోయి కంపచెట్లతో నిండి ఉంటుంది గనుక భయపడనక్కర లేదనీ, వచ్చినా వందేళ్ళకోసారి వచ్చే వరదేననీ అమ్మేవారు చెబుతున్నారు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే నీట మునగడం చూసినవాణ్ణి కాబట్టి ఆ మాటతో సమాధానపడలేకపోతున్నాను. ఇంజనీరును పెట్టుకొని సర్వే చేయించే స్తోమత లేని నా వంటివారు ఏ ఆధారాలు చూడాలో, వాటిని ఎంతవరకు నమ్మాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (తూముగట్టు, విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు):

మన జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అందులో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. వంకకు ఏడాది లెక్కతో పని లేదు. ఆ ఒక్క రాత్రి గంటకు ఎంత కురిసిందన్నదే దానికి ముఖ్యం.

మొదట మీ వంకలోకి ఎంత నేల నీరు చేరుతుందో చూడండి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపో పటం ఉచితంగా దొరుకుతుంది. దానిలో సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు కనుక మీ స్థలం మునుగుతుందో లేదో అది చెప్పలేదు గానీ, గుట్టల మీది నీరు ఎటు వాలుతుందో, దారిలో ఎన్ని చెరువులు ఉన్నాయో మాత్రం తేటగా చూపిస్తుంది. అలా మీ వంకలోకి నీరు చేరే నేల 4 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 40 మిల్లీమీటర్ల చొప్పున వాన, ఎగువ కొసనుంచి నీరు మీ దగ్గరికి చేరేంతసేపు పడి, అందులో సగం పారితే వంకలో సెకనుకు 22 ఘనమీటర్లు, అంటే దాదాపు 780 క్యూసెక్కులు వస్తుంది. ఇప్పుడు మీ స్థలానికి దిగువన ఉన్న రోడ్డు కల్వర్టు దగ్గరికి వెళ్ళండి. అక్కడ మీటరు వ్యాసం గల తూములు రెండే ఉంటే, నిండుగా సెకనుకు 2 మీటర్ల వేగంతో పారినా 3 ఘనమీటర్లకు మించి దాటదు. అంటే వచ్చేదానిలో ఏడో వంతు మాత్రమే. మిగిలిన నీరు రోడ్డు మీదుగా పొర్లిపోయేంత ఎత్తుకు ఎగదన్నుతుంది, ఆ ఎత్తే మీ ఇంటి వరదమట్టం. వంక గట్టెంత ఎత్తుందని అందరూ చూస్తారు, దిగువ రోడ్డెంత ఎత్తుందని చూసేవారు అరుదు. కల్వర్టుకు అడ్డంపడిన చెత్త, కంప వల్ల ఆ దారి ఇంకా ఇరుకవుతుంది.

రెండోది, పైనున్న చెరువుల కట్టలు. మన దగ్గర చెరువులు ఒకదాని మరువ నీరు ఇంకొకదానిలో పడేలా గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకోవడం కష్టం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో ఎగువనున్న పింఛా ప్రాజెక్టు నుంచి దూసుకొచ్చిన నీటికి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళను ముంచిన తీరు మరచిపోదగినది కాదు. కాబట్టి మీ పై చెరువు మరువకు ఎవరైనా రాళ్ళు, ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచారా, కట్ట మీద చెట్ల వేళ్ళు, లోపలి వాలులో జారిన చోట్లు ఉన్నాయా అన్నది ఒకసారి కట్ట వెంట నడిచి చూడండి.

వందేళ్ళ వరద అంటే వందేళ్ళకోసారి వచ్చేదని కాదు, ఏ ఏడాదికైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఉంటే అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26.

జవాబు (గొలుసుకొలత, సర్వే పని చేసినవారు):

40 అడుగులు ఎక్కడినుంచి కొలిచారు? ఇప్పటి వంక అంచునుంచి అయితే ఆ కొలతకు విలువ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు, దాని హద్దునుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాల్సి ఉండేది. హద్దు అంటే సర్వే నంబర్ల వారీ కొలతల పటాలున్న ఎఫ్‌ఎంబీలో వంక పోరంబోకుగా గీసినది. మండల సర్వేయరు దగ్గర ఆ నకలు తీసుకొని, పాత వెడల్పు ఎంతో, ఇప్పుడు ఎంత మిగిలిందో పోల్చండి. పాత కొలతలో సగం ఆక్రమణలో పోయి ఉంటే, ఆ నీరు వెతుక్కునే చోటు మీ స్థలమే. పైగా చట్టం చెప్పిన దూరం పాటించినంత మాత్రాన వరదమట్టం తప్పిపోదు.

జవాబు (బుగ్గఒడ్డు, కడప):

మా ఊళ్ళో 2001లోనూ, 2020 నవంబరులో నివర్ తుపాను వానలకూ బుగ్గవంక పొంగింది. మీ వీధిలో పాతకాలపు ఇళ్ళవారిని, గొర్రెల కాపరులను, చాకిరేవు వారిని అడగండి. వరద వచ్చిందా అని కాకుండా, నీళ్ళు ఏ గడప దాకా వచ్చాయో వేలితో చూపమని అడగండి. ఆ గుర్తునుంచి మీ స్థలం వరకు మేస్త్రీల నీటి లెవెల్ పైపుతో మట్టం పట్టవచ్చు. వంకకు రక్షణ గోడ ఉన్నచోట కూడా ధీమా వద్దు; గోడ లోపల నీరు నిండితే కాలనీ మురుగుకాల్వ బయటికి పోలేక వెనక్కి తన్ని, వీధిలోకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలు. ఎఫ్‌ఎంబీ నకలుకు అర్జీ పెడతాను. నేల నాలుగు అడుగులు మెరక చేయిస్తే సరిపోతుందని స్థలం అమ్మేవారు అంటున్నారు, ఇది నిజమేనా?

జవాబు (తూముగట్టు):

మెరక మీద ఇల్లు నిలుస్తుంది, కానీ ఆ మేరకు నీరు పక్కింటి మీదికి మళ్ళుతుంది. మీ పక్కవారూ మెరక చేస్తే వంక ఇంకా ఇరుకై మట్టం మళ్ళీ పెరుగుతుంది. పాత గుర్తుకూ, కల్వర్టు మీది రోడ్డు మట్టానికీ రెండింటికీ పైన రెండడుగులు పునాది పెంచితే సాధారణ వరదకు సరిపోతుంది. కట్ట తెగితే అది కూడా పనికిరాదు. తూముల కొలతలు, రోడ్డు ఎత్తు ఇక్కడ రాస్తే, నీటిమట్టం లెక్క నేను వేసి పెడతాను.