గ్రామ్యానికీ గ్రాహ్యానికీ మధ్య ఒక్క అక్షరం

గ్రామ్యం అంటే పల్లెటూరి భాష అనే కదా అర్థం, దానిని వ్యాకరణంలో దోషంగా లెక్కించడం పల్లెవారిని చిన్నబుచ్చడం కాదా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. అయితే ఆ మాట పక్కనే మరొక మాట ఉన్నది. ఆ రెంటినీ కలిపి చూస్తే తప్ప మన పెద్దలు మార్పును ఎలా అడ్డుకున్నారో, ఎలా రానిచ్చారో అర్థం కాదు.

వ్యుత్పత్తిని బట్టి గ్రామానికి సంబంధించినది గ్రామ్యం. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఆ మాటకు ఊరితో నిమిత్తం లేకుండా ‘లక్షణవిరుద్ధంబగు భాష గ్రామ్యంబు’ అని, అంటే వ్యాకరణ నియమానికి విరుద్ధమైన భాష గ్రామ్యమని నిర్వచించారు. ఈ లెక్కన చెన్నపట్నం నడిబొడ్డున పండితుడు పలికినా లక్షణానికి విరుద్ధమైతే అది గ్రామ్యమే, పొలంలో రైతు పలికినా లక్షణానికి ఒదిగితే కాదు. కానీ తప్పుకు ఊరి పేరు పెట్టిన తరువాత ఆ పేరుకు అంటుకుని ఉన్న చిన్నచూపు ఎక్కడికి పోతుంది? సూరి ఉద్దేశం ఏదైనా, చదివినవారి చెవికి పల్లె అనే వినబడింది.

చాలామంది ఈ సూత్రంతోనే ఆగిపోతారు. దీని వెన్నంటే ‘ఆర్యవ్యవహారంబుల దృష్టంబు గ్రాహ్యంబు’ అనే సూత్రం ఉన్నది. ఇక్కడ ఆర్యులంటే జాతి కాదు, విద్యావంతులైన పెద్దలు. వారి వాడుకలో కనబడితే, లక్షణానికి లొంగని రూపాన్ని కూడా స్వీకరించవచ్చునని భావం. కోటతలుపు మూసి దిడ్డివాకిలి తెరిచి ఉంచినట్లు, సూరి ఒక సూత్రంతో కాదన్న దానిని మరుసటి సూత్రంతో కొంత రానిచ్చారు. ఆ పెద్దలు ఎవరన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది, పుస్తకాల భాష అయిన గ్రాంథికానికీ వాడుక భాషకూ మధ్య తరువాత వచ్చిన తగవంతా దాని మీదనే నడిచింది.

ఆ తగవులో కొంత భాగం మన చెన్నపట్నంలోనే జరిగింది. గ్రాంథికానికి అండగా నిలిచిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో మద్రాసులో ఏర్పడింది. 1914లో గురజాడ అప్పారావు వాడుక భాష పక్షాన తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించినది మద్రాసు విశ్వవిద్యాలయానికే. ఇటు గిడుగు రామమూర్తి గ్రాంథికవాదుల రచనలలోనే వ్యాకరణ దోషాలను ఏరి చూపి, పెద్దల వాడుక అంటే మీరు మాట్లాడుతున్నదే కదా అని వారిని నిలదీశారు. అటు గ్రాంథికం పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులును మొండివారని తోసివేయడం నాకు సమ్మతం కాదు. బెజవాడ యుద్ధమల్లుని పద్యశాసనాన్ని పరిష్కరించి ప్రకటించిన ఆ శాసన పరిశోధకునికి పాత తెలుగు పోతుందన్న బెంగ నిజమైన బెంగే.

నాకు అందరికంటె ఎక్కువ ఆసక్తి కలిగించేది కందుకూరి వీరేశలింగం. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి ఊరి వెలివేతకు వెరవని మనిషి, గ్రాంథికాన్ని మాత్రం అంత తొందరగా విడువలేదు. 1919లో, మద్రాసులో కన్నుమూయడానికి కొద్ది నెలల ముందు, వాడుక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. ఇంటి ఆచారాన్ని కాదనగలిగినవారికి కూడా చేతికి అలవాటైన వాక్యాన్ని కాదనడం అంత కష్టమన్నమాట.

వాడుక భాష గెలిచింది, కానీ గెలిచినప్పుడు దాని పేరు శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. ఆ ‘శిష్ట’ సూరి చెప్పిన ‘ఆర్య’కు చుట్టమే. దిడ్డివాకిలి అలాగే ఉన్నది, కాపలావారు మారారు. గోదావరి, కృష్ణా తీరాల చదువరుల మాట గ్రాహ్యమైంది. తెలంగాణ, రాయలసీమ, కళింగాంధ్రల మాటలు, మన చెన్నై తెలుగు ఇంకా బయటనే నిలబడ్డాయి. హద్దు లేకపోతే భాష నిలవదని ఇక్కడి పెద్దలొకరు అన్నారు. నిజమే, నేను హద్దు వద్దనడం లేదు. అది ఎవరి పెరటి గోడను ఆనుకుని ఉన్నదో చూడమంటున్నాను.

పెరంబూరులో మా పెద్దమ్మ దుకాణం అనదు, ‘అంగడికి పోయొస్తా’ అంటుంది. విజయవాడ నుంచి వచ్చిన మా మేనకోడలు అది అరవం మాట అనుకుని నవ్వింది. ఆ సాయంత్రమే ఎవరి సంబంధం గురించో మాట్లాడుతూ, ‘అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని’ అన్నది ఆ మేనకోడలే. పెద్దమ్మ ఏమీ అనకుండా వక్కాకు సర్దుకున్నది.

నేనూ తక్కువ తినలేదు. మా సంఘం ఉగాది సంచికకు ఆమె చెప్పిన జ్ఞాపకాలను రాసుకుని, ‘మా ఇల్లు చూళైలో ఉండాది’ అన్న వాక్యంలో ‘ఉండాది’ని ఎర్ర సిరాతో కొట్టి ‘ఉండేది’ అని దిద్దాను. వ్యాకరణం సరిపోయింది గాని అర్థమే తప్పిపోయింది, ఎందుకంటే ఆ ఇల్లు ఇప్పటికీ ఉన్నది. ఈసారి ప్రూఫులో ‘ఉండాది’నే ఉంచాను. దిద్దేవారు ఇంకొకరు ఉన్నారు, ఆ కాగితాలు ఇంకా తిరిగి రాలేదు.